మెడ నిశ్చలీకరణ: క్షతగాత్రుల రక్షణలో పారామెడిక్ శిక్షణ

ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి మెడ ఎముకలు దెబ్బతిని ఉండవచ్చుననే అనుమానం కలిగినప్పుడు, అతని తలను, మెడను, మొండేన్ని ఒకే వరుసలో నిలిపి, ఆసుపత్రికి చేరేదాకా హానికరమైన కదలికలు లేకుండా కాపాడే ప్రక్రియను మెడ నిశ్చలీకరణ అంటారు. పారామెడిక్‌లకు, అంటే ఆసుపత్రి వెలుపల, అంబులెన్సుల్లో అత్యవసర చికిత్స అందించడానికి శిక్షణ పొందిన సిబ్బందికి, నేర్పే మౌలిక నైపుణ్యాల్లో ఇది ఒకటి. గట్టి మెడపట్టీ, పొడవాటి బల్ల, తలకు ఇరువైపులా పెట్టే దిమ్మెలు, బిగించే పట్టీలు చాలాకాలం ఈ ప్రక్రియకు గుర్తులుగా నిలిచాయి. అయితే 1990ల చివరి నుంచి వెలువడిన పరిశోధనల ప్రభావంతో శిక్షణ స్వరూపం మారింది. ప్రతి క్షతగాత్రుణ్ణీ బల్లకు బిగించడం నేర్పే చదువు వెనక్కి తగ్గి, ఎవరికి కట్టాలో, ఎవరికి కట్టకూడదో, కట్టినప్పుడు ఏ హాని కలగవచ్చునో తెలుసుకుని నిర్ణయించే వివేకాన్ని అలవరచే చదువు ముందుకు వచ్చింది. పరికరం కన్నా ముందు చేతులు, చేతులతో పాటే పరీక్ష అన్నది నేటి శిక్షణకు మూలసూత్రం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఏటా 2.5 లక్షల నుంచి 5 లక్షల మంది వెన్నుపాము గాయాలకు గురవుతున్నారు. వీరిలో అత్యధికులు రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడిపోవడం, హింస వంటి నివారించదగిన కారణాల వల్లనే గాయపడుతున్నారు. ఒకసారి తెగిన వెన్నుపామును తిరిగి అతికించగల చికిత్స లేనందువల్ల, మిగిలి ఉన్న నాడీ కణజాలాన్ని కాపాడుకోవడానికి ప్రమాద స్థలంలో జరిగే సంరక్షణకు ఎంతో విలువ ఉంది.

శరీర నిర్మాణ నేపథ్యం

మనిషి వెన్నెముకలో పై ఏడు వెన్నుపూసలు మెడకు చెందినవి. మొదటిదాన్ని అట్లాస్ అని, రెండోదాన్ని యాక్సిస్ అని పిలుస్తారు. తలను పక్కలకు తిప్పే కదలికలో దాదాపు సగం ఈ రెండింటి మధ్యనున్న కీలు వద్దే జరుగుతుంది. ఛాతీ వెన్నుపూసలకు పక్కటెముకల ఆసరా ఉండగా, బరువైన తలను మోస్తూ అన్ని వైపులకూ వంగే మెడకు కండరాలు, స్నాయువులు మాత్రమే ఆసరా కావడం వల్ల, అకస్మాత్తుగా వేగం ఆగినప్పుడు గానీ, తల నేలకు గుద్దుకున్నప్పుడు గానీ ఈ భాగం సులభంగా దెబ్బతింటుంది.

వెన్నుపూసల నడిమి నాళంలో వెన్నుపాము ఉంటుంది. మెడ ప్రాంతంలో దాని నుంచి ఎనిమిది జతల నాడులు బయలుదేరుతాయి. వాటిలో మూడో, నాలుగో, ఐదో నాడుల నుంచి ఏర్పడే ఫ్రెనిక్ నాడి, ఛాతీకీ పొట్టకూ నడుమ ఉండి శ్వాసను నడిపించే కండరపు తెర అయిన ఉదరవితానాన్ని నియంత్రిస్తుంది. అందుచేత మెడ పైభాగంలో వెన్నుపాము తీవ్రంగా నలిగితే కాళ్లూ చేతులూ చచ్చుబడటమే కాక ఊపిరి కూడా ఆగిపోవచ్చు. మెడ కింది భాగంలో గాయమైతే ఉదరవితానం పనిచేస్తూనే ఉన్నా పక్కటెముకల మధ్య కండరాలు పనిచేయక, రోగి పొట్టతో మాత్రమే ఊపిరి పీలుస్తూ కనిపిస్తాడు. ఈ లక్షణాన్ని గుర్తుపట్టడం పారామెడిక్ నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి.

గాయం రెండు దశల్లో జరుగుతుందని వైద్యశాస్త్రం వివరిస్తుంది. ప్రమాద క్షణంలోనే ఎముక విరిగో, జారో వెన్నుపామును నలిపివేయడం ప్రాథమిక గాయం. దీన్ని అంబులెన్సు సిబ్బంది మార్చలేరు. ఆ తరువాతి నిమిషాల్లో, గంటల్లో వాపు, రక్తప్రసరణ లోపం, ప్రాణవాయువు కొరత వల్ల పక్కనున్న కణజాలం కూడా నశించడం ద్వితీయ గాయం. అస్థిరంగా ఉన్న ఎముక మళ్లీ కదలడం ద్వితీయ గాయానికి ఒక కారణం మాత్రమే. రక్తపోటు పడిపోవడం, ఊపిరి అందకపోవడం కూడా అంతే ప్రమాదకరమైన కారణాలు కావడం వల్ల, మెడను కాపాడే ప్రయత్నంలో శ్వాసను, రక్తప్రసరణను నిర్లక్ష్యం చేసిన చికిత్స ఆ మెడకే హాని చేస్తుంది.

వెన్నుపాము పైభాగం దెబ్బతిన్నప్పుడు రక్తనాళాలను బిగువుగా ఉంచే నాడీ సంకేతాలు ఆగిపోయి, రక్తపోటు తగ్గుతుంది. దీన్ని నాడీజన్య షాక్ అంటారు. రక్తస్రావం వల్ల కలిగే షాక్‌లో చర్మం చల్లబడి, చెమట పట్టి, నాడి వేగంగా కొట్టుకోగా, నాడీజన్య షాక్‌లో చర్మం వెచ్చగా పొడిగా ఉండి, నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఈ రెండూ ఒకే రోగిలో కలిసి ఉండే అవకాశం కూడా ఉన్నందున, రక్తపోటు పడిపోయిన ప్రతి క్షతగాత్రుణ్ణీ ముందు రక్తస్రావం జరుగుతున్నవాడిగానే భావించాలని శిక్షకులు బోధిస్తారు.

చారిత్రక వికాసం

మెడ వెన్నుపూస స్థానం తప్పితే కాళ్లూ చేతులూ స్పర్శ కోల్పోతాయన్న పరిశీలన అతి పురాతనమైనది. క్రీస్తుపూర్వం 17వ శతాబ్దం నాటిదిగా భావించే ఈజిప్టు వైద్యగ్రంథం ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో ఇటువంటి రోగి వర్ణన ఉంది. అది చికిత్సకు లొంగని వ్యాధిగా ఆ వైద్యుడు తేల్చాడు.

ప్రమాద స్థలంలోనే వెన్నెముకను కాపాడాలన్న ఆలోచన మాత్రం ఆధునికమైనది. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రమాద మరణాలపై వెలువరించిన నివేదిక, గాయాలను ఆధునిక సమాజం నిర్లక్ష్యం చేసిన వ్యాధిగా వర్ణించి, అంబులెన్సు సేవల దుస్థితిని బయటపెట్టింది. మరుసటి ఏడాది, అంటే 1967లో, శస్త్రవైద్యుడు జె.డి. ఫారింగ్టన్ అమెరికన్ శస్త్రవైద్యుల కళాశాల పత్రికలో ‘డెత్ ఇన్ ఎ డిచ్’ అనే వ్యాసం ప్రచురించి, నుజ్జయిన వాహనాల్లోంచి క్షతగాత్రులను శాస్త్రీయంగా వెలికితీయాల్సిన అవసరాన్ని వివరించాడు. పొట్టి బల్ల, పొడవాటి బల్ల వాడకం ఆయన కృషితో వ్యాప్తిలోకి వచ్చింది. 1971లో అమెరికన్ ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ అంబులెన్సు సిబ్బంది కోసం తొలి సమగ్ర పాఠ్యగ్రంథాన్ని వెలువరించింది. ముఖచిత్రం రంగును బట్టి అది ‘ఆరెంజ్ బుక్’ పేరుతో ప్రసిద్ధమైంది. 1970లలోనే, కూర్చుని ఉన్న వ్యక్తి మొండేనికి చుట్టి తలతో సహా బిగించే కెండ్రిక్ పరికరం రూపొందింది.

గాయాల చికిత్సలో వైద్యులకు శిక్షణ ఇచ్చే ఏటీఎల్ఎస్ కోర్సు 1978లో నెబ్రాస్కాలో మొదలైంది. అక్కడి వైద్యుడు జేమ్స్ స్టైనర్ కుటుంబం 1976లో విమాన ప్రమాదానికి గురైనప్పుడు అందిన చికిత్సలోని లోపాలే దానికి ప్రేరణ. ఆ సూత్రాలను ఆసుపత్రి వెలుపలి సిబ్బందికి అన్వయించే పీహెచ్‌టీఎల్ఎస్, ఐటీఎల్ఎస్ కోర్సులు 1980ల తొలి సంవత్సరాల్లో రూపుదిద్దుకుని అనేక దేశాలకు విస్తరించాయి. ఈ దశలో అనుసరించిన నియమం సరళమైనది: ప్రమాదపు తీరు బలమైనదైతే, రోగికి నొప్పి ఉన్నా లేకపోయినా, మెడపట్టీ వేసి బల్లకు బిగించాలి. ఈ నియమం వెనుక తర్కం, నిపుణుల అభిప్రాయం ఉన్నాయే తప్ప, ప్రయోగపూర్వకమైన ఆధారం దాదాపు లేదు.

ఆధారాల పునఃపరిశీలన

ఈ లోటును బయటపెట్టిన తొలి ముఖ్య అధ్యయనం 1998లో వచ్చింది. హాస్వాల్డ్, ఆయన సహచరులు మలేసియాలో నిశ్చలీకరణ లేకుండా ఆసుపత్రికి చేరిన 120 మందిని, అమెరికాలోని న్యూ మెక్సికోలో నిశ్చలీకరణతో చేరిన 334 మందిని పోల్చి, నాడీ వైకల్యం మలేసియా రోగుల్లోనే తక్కువగా ఉందని చూపారు. రెండు దేశాల రోగులు, ప్రమాదాలు ఒకే తీరువి కానందున ఈ ఫలితం తుది తీర్పు కాజాలదు. అయినా నిశ్చలీకరణ మేలు చేస్తుందన్న నమ్మకాన్ని నిరూపించాల్సిన బాధ్యత వైద్యలోకం మీద పడింది. 2001లో, వైద్య ఆధారాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ సమీక్షకులు ఈ విషయంపై యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగం ఒక్కటి కూడా కనిపించలేదని ప్రకటించారు.

అదే కాలంలో ఎవరి మెడకు గాయం లేదని పరీక్షతోనే చెప్పవచ్చో నిర్ధారించే నియమావళులు రెండు వెలువడ్డాయి. 2000లో ప్రచురితమైన నెక్సస్ అధ్యయనం అమెరికాలోని 21 కేంద్రాల్లో 34,069 మందిని పరిశీలించగా, వారిలో 818 మందికి, అంటే సుమారు 2.4 శాతానికి మాత్రమే మెడ వెన్నెముక గాయం తేలింది. మెడ వెనుక నడిమి గీత వెంట నొక్కితే నొప్పి లేకపోవడం, మత్తులో లేకపోవడం, పూర్తి స్పృహలో ఉండటం, నాడీ లోపం లేకపోవడం, దృష్టిని మళ్లించేంత బాధాకరమైన ఇతర గాయం లేకపోవడం అనే ఐదు షరతులూ నెరవేరిన వ్యక్తికి ఎక్స్‌రే అవసరం లేదని ఆ అధ్యయనం తేల్చింది. 2001లో 8,924 మందిపై జరిగిన పరిశీలన ఆధారంగా వచ్చిన కెనడా నియమం వయసును, ప్రమాదపు తీరును కూడా లెక్కలోకి తీసుకుంటుంది: 65 ఏళ్లు, అంతకు పైబడినవారిని, మూడడుగుల ఎత్తు లేదా ఐదు మెట్ల మీది నుంచి పడినవారిని, కాళ్లూ చేతుల్లో తిమ్మిరి ఉన్నవారిని అధిక ముప్పు ఉన్నవారిగా పరిగణించి, తక్కువ ముప్పు ఉన్నవారు తమంతట తాము తలను ఇరువైపులా 45 డిగ్రీలు తిప్పగలిగితే గాయం లేదని భావిస్తుంది. ఇవి వైద్యుల కోసం రూపొందిన నియమాలే అయినా, 2009లో కెనడాలో 1,949 మందిపై జరిగిన అధ్యయనంలో పారామెడిక్‌లు ఈ నియమాన్ని వాడి, ముఖ్యమైన గాయాలున్న 12 మందినీ తప్పిపోకుండా గుర్తించగలిగారు. నిర్ణయాధికారాన్ని పారామెడిక్ చేతికి ఇవ్వవచ్చునన్న విశ్వాసానికి ఇటువంటి ఫలితాలు బలమిచ్చాయి.

మరోవైపు నిశ్చలీకరణ వల్ల కలిగే హాని కూడా వెలుగులోకి వచ్చింది. బిగుతైన మెడపట్టీ మెడలోని సిరలను నొక్కి మెదడు నుంచి రక్తం వెనక్కి రాకుండా అడ్డుకోవడం వల్ల పుర్రెలోని ఒత్తిడి పెరుగుతుంది. తలకు దెబ్బ తగిలినవారికి ఇది ముప్పు. పట్టీ వేసినప్పుడు నోరు పూర్తిగా తెరుచుకోక శ్వాసనాళంలో గొట్టం వేయడం కష్టమవుతుంది, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. గట్టి బల్ల మీద అరగంట పడుకుంటే ఆరోగ్యవంతులకు కూడా తల వెనుక, నడుము వద్ద నొప్పి మొదలవుతుంది. స్పర్శ లేని రోగికి ఆ నొప్పి తెలియక ఒత్తిడి పుండ్లు పడతాయి. తుపాకీ, కత్తి వంటి చొచ్చుకుపోయే గాయాలున్న 45,284 మంది వివరాలను పరిశీలించి 2010లో వెలువరించిన అమెరికా అధ్యయనంలో, నిశ్చలీకరణ జరిగినవారి మరణాల శాతం 14.7 కాగా జరగనివారిలో అది 7.2 మాత్రమే. పట్టీలు బిగించడానికి పట్టే నిమిషాలు రక్తస్రావంతో ఉన్న మనిషికి ప్రాణాంతకం కాగలవన్నది ఈ వివరాల నుంచి తీసుకోవలసిన పాఠం.

ఈ నేపథ్యంలో అమెరికాలోని అత్యవసర వైద్యుల, శస్త్రవైద్యుల సంఘాలు 2013లో పొడవాటి బల్ల వాడకాన్ని పరిమితం చేయాలని సూచించి, 2018లో చేసిన ఉమ్మడి ప్రకటనలో నిశ్చలీకరణ అనే మాటకు బదులు వెన్నెముక కదలికల నియంత్రణ అనే పదాన్ని స్థిరపరిచాయి. వెన్నెముకను పూర్తిగా కదలకుండా చేయడం ఏ పరికరానికీ సాధ్యం కాదన్న గుర్తింపు ఈ మార్పుకు కారణం. 2017 నాటి నార్వే మార్గదర్శకాలు ఎంపిక చేసిన రోగులకే మెడపట్టీ వాడాలని చెప్పగా, 2019 నాటి డెన్మార్క్ మార్గదర్శకాలు నిలకడగా ఉన్న రోగులకు గట్టి పట్టీని, గట్టి బల్లను వాడకపోవడమే మేలని, గాలి తీసేస్తే శరీరాకృతికి ఒదిగి గట్టిపడే వాక్యూమ్ పరుపు మంచిదని సూచించాయి.

శిక్షణలోని నైపుణ్యాలు

శిక్షణ ప్రమాద స్థలాన్ని అంచనా వేయడంతో మొదలవుతుంది. సిబ్బంది భద్రత, ప్రమాదపు తీరు, క్షతగాత్రుల సంఖ్య చూసుకున్న తరువాత ప్రాణాపాయాలను వరుసగా సరిదిద్దే తొలి పరీక్ష జరగాలి: ధారగా కారుతున్న రక్తాన్ని ఆపడం, శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, నాడీ స్థితి అన్నది ఆ వరుస. సిబ్బంది ఇద్దరున్నప్పుడు ఒకరు మెడను పట్టుకోగా మరొకరు ఈ పరీక్ష సాగిస్తారు. ఒక్కరే ఉన్నప్పుడు రక్తాన్ని ఆపడానికీ ఊపిరి నిలపడానికీ మెడకన్నా ముందు స్థానం ఉంటుంది.

చేతులతో స్థిరపరచడం అన్ని నైపుణ్యాలకూ పునాది. రోగి ఎదురుగా వచ్చి, తల తిప్పవద్దని చెప్పిన తరువాతే తల వైపుకు చేరాలి. వెనుక నుంచి పిలిస్తే రోగి తిరిగి చూసే ప్రమాదం ఉంది. అభ్యాసకుడు తల వైపున మోకాళ్ల మీద కూర్చుని లేదా బోర్లా పడుకుని, మోచేతులను నేలకు ఆనించి, రెండు అరచేతులతో చెవుల పక్కన తలను పట్టుకుని, వేళ్లను దవడ కిందికి, తల వెనుకకు చాపుతాడు. ముఖం నేరుగా ముందుకు చూసే తటస్థ స్థితికి తలను నెమ్మదిగా తేవాలి. తలను పైకి లాగడం ఇందులో భాగం కాదు. ఈ క్రమంలో నొప్పి పెరిగినా, కండరం బిగుసుకుని అడ్డుపడినా, తిమ్మిరి మొదలైనా, ఊపిరి ఇబ్బందిగా మారినా అక్కడే ఆగి, తల ఉన్న స్థితిలోనే నిలపాలి. తలను పట్టుకున్న వ్యక్తి, మరొకరికి అప్పగించే వరకు లేదా రోగిని పూర్తిగా బిగించే వరకు, చేతులు వదలకూడదన్న నియమాన్ని శిక్షకులు పదేపదే గుర్తుచేస్తారు.

స్పృహలేని రోగికి శ్వాసమార్గం తెరవడానికి మామూలుగా చేసే తల వెనక్కి వంచి గడ్డం ఎత్తే పద్ధతి మెడను కదిలిస్తుంది కాబట్టి, దాని బదులు రెండు చేతుల వేళ్లతో దవడ మూలలను ముందుకు నెట్టే జా థ్రస్ట్ పద్ధతిని నేర్పుతారు. దానితో ఊపిరి ఆడకపోతే తలను కొద్దిగా వంచైనా శ్వాసమార్గం తెరవాలి. ప్రాణవాయువు లేని వెన్నుపాముకు మెడ నిలకడ ఉపయోగపడదు.

మెడపట్టీ కొలతలోనే తరచుగా పొరపాట్లు జరుగుతాయి. భుజం పైభాగం నుంచి దవడ కింది అంచు వరకు ఉన్న ఎత్తును చేతి వేళ్లతో కొలిచి, పట్టీ మీది గుర్తుతో సరిపోల్చుకోవాలి. పట్టీ పొడవైతే మెడ వెనక్కి వంగుతుంది, పొట్టిదైతే గడ్డం జారి మెడ ముందుకు వాలుతుంది. పట్టీ వేయకముందు మెడను చూసి, తడిమి, గొలుసులు, మంగళసూత్రం, జడలోని పిన్నులు వంటివి తొలగించాలి, శ్వాసనాళం పక్కకు జరిగిందో లేదో గమనించాలి. పట్టీ వేసిన తరువాత కూడా తల పక్కలకు తిరగగలదు కనుక, మొండేన్ని బిగించేదాకా చేతి పట్టు కొనసాగాలి.

రోగిని పక్కకు దొర్లించడాన్ని లాగ్ రోల్ అంటారు. తలను పట్టుకున్న వ్యక్తి నాయకత్వం వహించి, అంకెలు లెక్కించి ఆదేశమివ్వగా, భుజం, తుంటి, కాళ్ల వద్ద ఉన్నవారు ఏకకాలంలో తిప్పుతారు. ఇందుకు కనీసం నలుగురు కావాలి. అస్థిరమైన వెన్నెముకకు దొర్లించడం వల్ల కలిగే కదలిక, నేరుగా పైకెత్తడం వల్ల కలిగే కదలిక కన్నా ఎక్కువని ప్రయోగశాల అధ్యయనాలు చూపడంతో, నిలువునా రెండు భాగాలుగా విడిపోయి రోగి కిందికి ఇరువైపుల నుంచి దూర్చగలిగే స్కూప్ స్ట్రెచర్‌కు ప్రాధాన్యం పెరిగింది. పొడవాటి బల్ల ఇప్పుడు ప్రధానంగా వెలికితీతకు, కొద్ది దూరం తరలించడానికి వాడే సాధనం. బల్ల వాడినప్పుడు ముందు ఛాతీ, తుంటి భాగాలను బిగించి, తలను చివర బిగించాలి; తల ముందే బిగిస్తే మొండెం కదిలినప్పుడు ఆ బలమంతా మెడ మీదే పడుతుంది. బిగించక ముందు, తరువాత నాలుగు అవయవాల్లో నాడి, కదలిక, స్పర్శ పరీక్షించి నమోదు చేయడం తప్పనిసరి.

హెల్మెట్ తీయడం ఇద్దరు కలిసి చేయాల్సిన పని. ఒకరు తల వైపు నుంచి హెల్మెట్‌ను స్థిరంగా పట్టుకోగా, రెండో వ్యక్తి గడ్డం పట్టీ విప్పి లేదా కోసి, ఒక చేత్తో దవడను, మరో చేత్తో తల వెనుక భాగాన్ని పట్టుకుంటాడు. అప్పుడు మొదటి వ్యక్తి హెల్మెట్ పక్కలను వెడల్పు చేసి, ముక్కుకు తగలకుండా వంచుతూ బయటికి తీసి, మళ్లీ తలను తన చేతుల్లోకి తీసుకుంటాడు. ముఖం మొత్తం కప్పే హెల్మెట్ ఊపిరికి, పరీక్షకు అడ్డుపడుతుంది కనుక దాన్ని తీయడమే సాధారణ నియమం.

వాహనంలో ఇరుక్కున్న వ్యక్తిని వెలికితీయడంలోనూ ఆలోచన మారింది. స్పృహలో ఉండి, తీవ్ర లక్షణాలు లేని వ్యక్తి సూచనలు వింటూ తనంతట తాను దిగితే, పరికరాలతో బయటికి లాగినప్పటి కన్నా మెడ తక్కువ కదులుతుందని బ్రిటన్‌లో ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద వ్యక్తులపై జరిగిన అధ్యయనాలు చూపాయి. మంటలు, మునక వంటి ముప్పు ఉన్నా, రోగి ప్రాణాపాయంలో ఉన్నా, చేతుల ఆసరాతో త్వరగా బయటికి తీయడమే సరైన పద్ధతి.

ప్రత్యేక శ్రద్ధ అవసరమైన రోగులు

పిల్లల తల శరీరంతో పోలిస్తే పెద్దది, తల వెనుక భాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందుచేత చదునైన తలం మీద పడుకోబెడితే మెడ ముందుకు వంగుతుంది. భుజాల కింద మడిచిన గుడ్డ పెట్టడం ద్వారా దీన్ని సరిచేస్తారు. పెద్దలకు ఇందుకు భిన్నంగా తల కింద కొద్దిపాటి ఎత్తు అవసరం కావచ్చు. స్నాయువులు సాగే గుణం ఎక్కువగా ఉన్నందున పిల్లల్లో ఎక్స్‌రేకు అందని వెన్నుపాము గాయం జరగవచ్చు. 1982లో పాంగ్, విల్‌బర్గర్ అనే వైద్యులు ఈ స్థితిని ప్రత్యేకంగా వర్ణించారు.

వృద్ధుల ఎముకలు పెళుసుబారి ఉండటంతో మంచం మీది నుంచి జారిపడినా మెడ ఎముక విరగవచ్చు. వెన్నెముక అతుక్కుపోయి గూనుగా మారే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ రోగుల మెడను తటస్థ స్థితికి తేవాలని ప్రయత్నిస్తే కొత్త గాయం జరుగుతుంది కనుక, వారికి అలవాటైన వంపులోనే మెత్తలతో ఆసరా ఇవ్వాలి. గర్భవతులను వెల్లకిలా పడుకోబెడితే గర్భాశయం పెద్ద సిరను నొక్కి రక్తపోటు తగ్గిస్తుంది. నెలలు నిండుతున్న స్త్రీని పట్టీలు వేసిన తరువాత బల్లతో సహా ఎడమవైపుకు కొద్దిగా వాల్చుతారు. నీట మునిగినవారందరికీ మెడపట్టీ అవసరం లేదు. తలకిందులుగా దూకిన ఆనవాళ్లు గానీ, గాయపు గుర్తులు గానీ ఉన్నప్పుడే మెడను అనుమానించాలి, లేకుంటే ఊపిరి అందించడమే మొదటి కర్తవ్యం.

బోధన, మూల్యాంకనం

ఈ నైపుణ్యాన్ని ఉపన్యాసంతో నేర్పడం సాధ్యం కాదు. మొదట శిక్షకుడు మాట్లాడకుండా పూర్తి ప్రక్రియను చేసి చూపడం, తరువాత అంచెలంచెలుగా వివరిస్తూ చేయడం, ఆపై అభ్యాసకుడు చెబుతుండగా శిక్షకుడు చేయడం, చివరికి అభ్యాసకుడే చెబుతూ చేయడం అనే నాలుగంచెల పద్ధతి గాయాల చికిత్సా కోర్సుల్లో ప్రచారంలో ఉంది. అభ్యాసకులు వంతులవారీగా తామే రోగి పాత్ర వహించి, గట్టి బల్ల మీద కట్టుబడి పడుకోవడం ఎంతో ప్రయోజనకరం. పైకప్పు తప్ప ఏమీ కనిపించని స్థితిలో, తన శరీరానికి ఏం జరగబోతోందో ఎవరూ చెప్పకపోతే కలిగే భయం అనుభవంలోకి వచ్చినప్పుడే, ప్రతి అడుగుకు ముందు రోగికి చెప్పాలన్న నియమం మనసులో నాటుకుంటుంది.

మూల్యాంకనం అంచెల జాబితా ప్రకారం జరుగుతుంది. చేతి పట్టు మధ్యలో వదలడం, మొండెం కన్నా ముందు తలను బిగించడం, బిగించిన తరువాత నాడి, కదలిక, స్పర్శ చూడకపోవడం వంటివి మిగతావన్నీ సరిగా చేసినా తప్పినట్లు లెక్కించదగిన దోషాలు. కేవలం అంచెల జాబితాతో వివేకాన్ని కొలవలేము కాబట్టి, పట్టీ అవసరం లేని రోగిని, పట్టీని భరించలేక గింజుకునే రోగిని కూడా పరీక్షలో భాగం చేస్తారు. గింజుకునే మనిషిని బలవంతంగా బిగిస్తే మెడ మీద భారం పెరుగుతుందని గ్రహించి, అతనికి సౌకర్యమైన స్థితిలో ఉంచగలిగిన అభ్యాసకుడే ఉత్తీర్ణుడు. వాడకంలో లేని నైపుణ్యం నెలల్లోనే మొద్దుబారుతుంది కనుక పునశ్చరణ అవసరం. పీహెచ్‌టీఎల్ఎస్ ధ్రువపత్రం నాలుగేళ్లకు ముగుస్తుంది.

భారతదేశంలోనూ తెలుగు రాష్ట్రాల్లోనూ

భారతదేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలుపుతోంది, మృతుల్లో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ప్రయాణించినవారు. వ్యవస్థీకృతమైన అంబులెన్సు సేవ దేశంలో విస్తరించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దారి చూపింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా ఈఎంఆర్ఐ సంస్థ ప్రారంభించిన 108 సేవ తరువాతి కాలంలో అనేక రాష్ట్రాలకు నమూనా అయింది. ఆ సంస్థ అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ వైద్య నిపుణుల సహకారంతో రెండేళ్ల పారామెడిక్ కోర్సును రూపొందించింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం అత్యవసర వైద్య సాంకేతికుల వృత్తిని చట్టబద్ధంగా గుర్తించింది.

108 వాహనంలో సాధారణంగా ఈఎంటీగా పిలిచే వైద్య సాంకేతికుడు ఒకరు, పైలట్‌గా పిలిచే చోదకుడు ఒకరు ఉంటారు. నలుగురు కావలసిన లాగ్ రోల్‌ను ఇద్దరితో నెరవేర్చడం ఇక్కడి ప్రత్యేక సమస్య. అందుచేత పైలట్‌కు కూడా మెడ పట్టుకోవడం నేర్పాలి; గుమిగూడిన వారిలోంచి ఇద్దరిని ఎంచుకుని, ఎక్కడ పట్టుకోవాలో చూపి, ‘మూడు అన్నప్పుడు అందరం కలిసి తిప్పుదాం’ అని తేట తెలుగులో ఆదేశించగల సామర్థ్యం ఈఎంటీకి ఉండాలి. అంబులెన్సు రాకముందే క్షతగాత్రుణ్ణి కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుదించి కూర్చోబెట్టడం ఇప్పటికీ కనిపించే అలవాటు. సాయపడినవారిని పోలీసు, కోర్టు వేధింపుల నుంచి కాపాడే మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016లో చట్టబలం కల్పించగా, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134-ఎ సెక్షన్ చేరింది. సాయపడటానికి భయం తగ్గిన సమాజానికి, తల కదపకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయాలన్న చిన్న పాఠాన్ని కూడా అందించవలసి ఉంది.

స్థానిక వృత్తులకు తగిన సన్నివేశాలు శిక్షణలో ఉండాలి. తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుడికి వెన్నెముక గాయంతో పాటు తుంటి, మడమ ఎముకలు కూడా విరిగి ఉండే అవకాశం ఎక్కువ. లోతు తెలియని బావిలో, కాలువలో తలకిందులుగా దూకిన యువకుడికి మెడ కింది భాగంలో వెన్నుపూస చితికిపోయి ఉండవచ్చు. పొలం గట్టు మీద ట్రాక్టరు తిరగబడినప్పుడు అంబులెన్సు చేరలేని చోటు నుంచి క్షతగాత్రుణ్ణి మోసుకురావాల్సి వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. పడకుండా కాపాడే ఇటువంటి ఏర్పాటు, పడిన తరువాత మెడకు చేసే ఏ సంరక్షణ కన్నా శ్రేష్ఠమైనది.

భవిష్యత్ దిశ

మెడపట్టీ ఎవరికి మేలు చేస్తుందన్న ప్రశ్నకు ఇంకా సంపూర్ణమైన సమాధానం రాలేదు. మెత్తని పట్టీలు, వాక్యూమ్ పరుపులు, పట్టీ లేకుండా తల దిమ్మెలతో మాత్రమే ఆసరా ఇవ్వడం వంటి ప్రత్యామ్నాయాలను వివిధ దేశాల అంబులెన్సు సేవలు పరిశీలిస్తున్నాయి. శరీర కదలికలను నమోదు చేసే సూక్ష్మ పరికరాలను అమర్చిన బొమ్మలు, అభ్యాసకుడి చేతుల్లో తల ఎన్ని డిగ్రీలు కదిలిందో అంకెల్లో చూపి బోధనకు తోడ్పడగలవు. ఏ పరికరం వచ్చినా, పోయినా, కొన్ని అంశాలు శిక్షణలో స్థిరంగా ఉంటాయి: రోగితో మాట్లాడటం, నడిమి గీత వెంట తడిమి చూడటం, కాళ్లూ చేతుల్లో బలం, స్పర్శ పరీక్షించడం, ఊపిరిని, రక్తపోటును నిలపడం, తలను సరిగా పట్టుకోవడం, చూసినదాన్ని ఆసుపత్రి వైద్యుడికి స్పష్టంగా అప్పగించడం. ఖర్చులేని ఈ నైపుణ్యాలు వాహనాలు, పరికరాలు కొరతగా ఉన్న జిల్లాల్లో కూడా నేర్పదగినవి. క్రమం తప్పని పునశ్చరణతో వీటిని నిలబెట్టడమే శిక్షణా సంస్థల ప్రధాన బాధ్యత.